సెయింట్ థామస్‌లో ఒక్క పూట: పెద్దవాళ్ళు, చిన్నపిల్లలతో ఏ బీచ్‌కి వెళ్ళాలి?

మీరు అడిగింది ఇదీ: డిసెంబర్‌లో ఫ్లోరిడా నుంచి బయల్దేరే 7 రోజుల క్రూజ్. కరీబియన్‌లో, అమెరికాకు చెందిన వర్జిన్ దీవుల్లో ఒకటైన సెయింట్ థామస్‌లో ఓడ ఉదయం 8కి ఆగి సాయంత్రం 5కి కదులుతుంది. మీరిద్దరూ, 9 ఏళ్ళ బాబు, 4 ఏళ్ళ పాప, ఇండియా నుంచి వచ్చిన మీ అమ్మానాన్నలు, మొత్తం ఆరుగురు. నాన్నగారికి మోకాళ్ళ నొప్పులు. బాత్రూమ్‌లు, షవర్లు, నీడ, కుర్చీలు సరిగ్గా ఉన్న బీచ్ ఏదో కావాలి. ఓడ వాళ్ళ టూర్ కొనాలా, సొంతంగా వెళ్ళొచ్చా అన్నది రెండో ప్రశ్న.

ముందు జవాబు చెప్పేస్తాను. మేగెన్స్ బే అనే బీచ్‌కి వెళ్ళండి. టూర్ కొనకండి, టాక్సీలో సొంతంగా వెళ్ళండి. పొద్దున 9 లోపు ఓడ దిగండి, మధ్యాహ్నం 2కల్లా తిరుగు టాక్సీ ఎక్కండి. మీ కుటుంబానికి ఆ ద్వీపంలో ఇంతకంటే నప్పే చోటు లేదనే నా నమ్మకం. ఎందుకో వివరంగా రాస్తాను. కొన్ని జాగ్రత్తలూ ఉన్నాయి, అవి కూడా చదవండి.

నాది విశాఖ. 11 ఏళ్ళు క్రూజ్ ఓడల్లో పనిచేశాను. అందులో 8 ఏళ్ళు రేవుల్లో టూర్లు అమ్మే డెస్క్‌లో ఉన్నాను. సెయింట్ థామస్‌లో వందసార్లకు పైగానే దిగి ఉంటాను. పొద్దున ఉత్సాహంగా దిగిన కుటుంబాలు సాయంత్రం ఎలా తిరిగొచ్చేవో రోజూ చూసేవాణ్ణి. అలసిపోయి, ఒకరిమీద ఒకరు విసుక్కుంటూ వచ్చినవాళ్ళలో ఎక్కువమంది చెడ్డ బీచ్‌కి వెళ్ళినవాళ్ళు కాదు. చాలా అందమైన బీచ్‌కే వెళ్ళి, అక్కడ గంటన్నర కూడా ఉండలేక వచ్చినవాళ్ళు. అందుకే ఫొటోలు చూసి బీచ్ ఎంచుకోవద్దని ప్రతివాళ్ళకీ చెప్పేవాణ్ణి. హోటల్లో వారం రోజులు ఉండి చూసే బీచ్ వేరు, ఓడ ఆగిన ఒక్క పూటలో చూసే బీచ్ వేరు.

ముందు గంటల లెక్క వేసుకోండి. 8 నుంచి 5 అంటే 9 గంటలు అనిపిస్తుంది. ఓడ 8కి రేవు తగిలినా దిగడానికి అనుమతి వచ్చేసరికి 8:30 అవుతుంది. తిరిగి ఎక్కాల్సిన ఆఖరి సమయం ఓడ కదిలే వేళ కాదు, అంతకు అరగంట ముందో ఇంకాస్త ముందో ఉంటుంది. ఆ టైమ్ దిగేచోట బోర్డు మీద రాసి ఉంటుంది, ఫొటో తీసుకోండి. అది 4:30 అనుకుంటే, దానికి గంట ముందే రేవులో ఉండాలని నా పట్టుదల. ఇక మిగిలింది 7 గంటలు. అందులో ఆరుగురు బాత్రూమ్‌కి వెళ్ళి, సన్‌స్క్రీన్ రాసుకుని, లిఫ్ట్ కోసం నిలబడి బయటపడడానికి అరగంట తీసేయండి. చేతిలో నిజంగా ఉండేది ఆరున్నర గంటలు.

ఇప్పుడు అందరూ చెప్పే ట్రంక్ బే అనే బీచ్ సంగతి చూద్దాం. అది సెయింట్ థామస్‌లో లేదు, పక్క ద్వీపమైన సెయింట్ జాన్‌లో ఉంది. 1956లో ఏర్పడిన వర్జిన్ ఐలాండ్స్ నేషనల్ పార్క్‌లో భాగం. నేను చూసిన అందమైన తీరాల్లో అదొకటి, అందులో సందేహం లేదు. బాత్రూమ్‌లు ఉన్నాయి. నీళ్ళ అడుగున బోర్డులు పెట్టి చేపల గురించి, పగడాల గురించి చెప్పే స్నార్కెల్ దారి (నోట్లో గొట్టం పెట్టుకుని ఊపిరి పీలుస్తూ, నీళ్ళ మీద తేలుతూ చూసేది) కూడా ఉంది. కానీ దారి చూడండి: రేవు నుంచి రెడ్ హుక్ దాకా కొండ దారిలో టాక్సీ, అక్కడ ఫెర్రీ కోసం ఎదురుచూపు, 20 నిమిషాల ప్రయాణం, అవతల దిగి ఇంకో టాక్సీ. పోను రెండు గంటలు, రాను రెండు గంటలు వేసుకోవాలి. నాలుగుసార్లు బండి ఎక్కి దిగడమంటే మోకాళ్ళ నొప్పులున్న మనిషికి పెద్ద శిక్ష. పిల్లలు లేని జంట అడిగితే వెళ్ళమంటాను, మీకు మాత్రం వద్దనే చెప్తాను.

మేగెన్స్ బేకి హేవెన్‌సైట్ రేవు నుంచి ట్రాఫిక్ లేకపోతే 20, 25 నిమిషాలు. క్రౌన్ బే రేవు నుంచి కూడా అటూ ఇటూగా అంతే. మీ ఓడ ఈ రెండిట్లో ఎక్కడ ఆగుతుందో ముందే కనుక్కోండి. తిరిగొచ్చేటప్పుడు టాక్సీవాడికి రేవు పేరు చెప్పాలి. ఓడ పేరు చెప్తే చాలదు.

ఇక నీళ్ళ సంగతి. నా దృష్టిలో మిగతా అన్నిటికంటే ముఖ్యం ఇదే. విశాఖలో పెరిగిన మాకు చిన్నప్పటి నుంచీ చెప్పేది ఒకటే, ఆర్కే బీచ్‌లో మోకాళ్ళు దాటి దిగొద్దని. అక్కడ నేల ఒక్కసారిగా లోతైపోతుంది, వెనక్కి లాగే నీరు మనిషిని పట్టుకుపోతుంది. మన పెద్దవాళ్ళకు సముద్రమంటే ఉండే భయం ఊరికే వచ్చింది కాదు. మేగెన్స్ బే అలాంటిది కాదు. అది ద్వీపానికి ఉత్తరం వైపు, భూమిలోకి బాగా లోపలికి చొచ్చుకొచ్చిన అఖాతం. దాని నోరు వాయవ్యం వైపు తెరుచుకుని ఉంటుంది. అక్కడ ఏడాది పొడుగునా గాలి వీచేది తూర్పు నుంచి. ఆ వైపు పీటర్‌బోర్గ్ అనే పొడవాటి కొండ గోడలా అడ్డం నిలబడుతుంది. అందుకే బయట సముద్రం పొంగుతున్నా లోపల చాలా రోజులు చెరువులా ఉంటుంది. అడుగున ఇసుకే, రాళ్ళు లేవు. నడుచుకుంటూ చాలా దూరం వెళ్తే గానీ పెద్దవాళ్ళకు నడుము లోతు రాదు.

మీరు వెళ్ళేది డిసెంబర్‌లో కాబట్టి ఇది ఇంకా ముఖ్యం. డిసెంబర్, జనవరి నెలల్లో అక్కడ తూర్పు గాలి బాగా బలంగా వీస్తుంది, స్థానికులు దాన్ని క్రిస్మస్ విండ్స్ అంటారు. అప్పుడు తూర్పు తీరపు బీచ్‌లలో నీళ్ళు ఎగిరెగిరి పడతాయి. సఫైర్ బీచ్ చాలా బాగుంటుందని మీకు ఎవరైనా చెప్తే, వాళ్ళు ఏ నెలలో వెళ్ళారో అడగండి. వేసవిలో తీరానికి కొట్టుకొచ్చే సర్గాసమ్ అనే గోధుమరంగు నాచు కూడా తూర్పు, దక్షిణ తీరాలనే ఎక్కువగా పడుతుంది. ఆ లెక్కలోనూ మేగెన్స్ బే నయం.

కానీ ఇక్కడే ఒక ప్రమాదం ఉంది, చాలామంది గమనించరు. నీళ్ళను నెమ్మదిగా ఉంచే ఆ గాలే తేలే వస్తువుల్ని బయటికి తోస్తుంది. గాలి ఒడ్డు మీదుగా సముద్రం వైపు వీస్తుంది కాబట్టి, పిల్లలు గాలి నింపిన ట్యూబ్‌లోనో, రబ్బరు పరుపు మీదో కూర్చుంటే మెల్లగా లోపలికి జరిగిపోతుంటారు. అలలు లేకపోవడంతో ఆ జరగడం తెలియదు. ఒకసారి నేను ఒడ్డున ఉండగానే పదేళ్ళ పిల్ల ఒకత్తి పరుపు మీద పడుకుని చాలా దూరం వెళ్ళిపోయింది. లైఫ్‌గార్డ్ చూసి తీసుకొచ్చాడు. వాళ్ళ నాన్న ఒడ్డునే ఉన్నాడు, పిల్ల కళ్ళముందే ఉందన్న ధీమాతో. మీ పాపకు గాలి నింపే ట్యూబులు వద్దు. ఒంటికి బిగించి కట్టే, యూఎస్ కోస్ట్ గార్డ్ ఆమోదం ముద్ర ఉన్న లైఫ్ జాకెట్ ఇంటి దగ్గరే కొని సూట్‌కేసులో పెట్టుకోండి. అక్కడికెళ్ళి వెతుక్కుంటే సైజు దొరకదు.

ఇక మీరు అడిగిన సదుపాయాలు. మేగెన్స్ బేలో బాత్రూమ్‌లు, బట్టలు మార్చుకునే చోటు, మంచినీళ్ళ షవర్లు, లైఫ్‌గార్డులు, అద్దెకు కుర్చీలు, తినడానికి చిన్న కౌంటరు, పిక్నిక్ బల్లలు, కయాక్‌లు అన్నీ ఉన్నాయి. మనిషికి కొన్ని డాలర్ల ప్రవేశ రుసుము ఉంటుంది. ఇంత మంచి తీరం హోటళ్ళ చేతికి ఎందుకు పోలేదా అనుకునేవాణ్ణి. ఆర్థర్ ఫెయిర్‌చైల్డ్ అనే ఆయన 1946లో దాన్ని ద్వీప ప్రజలకు రాసిచ్చేశారు. అప్పటి నుంచి అది ప్రజల బీచ్. దాన్ని చూసుకునే సంస్థ మేగెన్స్ బే అథారిటీ. ఆ రుసుము కట్టడానికి ఎవరైనా గొణుగుతుంటే నాకు బాధేసేది. శుభ్రంగా ఉన్న బాత్రూమ్, కుర్చీలో కూర్చుని చూసే లైఫ్‌గార్డ్ ఊరికే రారు కదా.

ఇప్పుడు మీ నాన్నగారి గురించి. ఇది నా సొంత అనుభవం నుంచి చెప్తున్నాను. ఉద్యోగంలో ఉండగా ఒకసారి మా అమ్మానాన్నల్ని ఓడ ఎక్కించగలిగాను. అప్పటికి నాన్నకు 71. మేగెన్స్ బేకే తీసుకెళ్ళాను. అద్దె కుర్చీ తెచ్చి వేశాను, హాయిగా కూర్చున్నారు. 40 నిమిషాల తర్వాత బాత్రూమ్‌కి వెళ్ళాలన్నారు. కుర్చీలోంచి లేవలేకపోయారు. బీచ్ కుర్చీలు నేలకు ఆనుకున్నట్టు ఉంటాయి, పైగా కాళ్ళు ఇసుకలోకి దిగబడతాయి. నేనూ ఇంకో ఇద్దరూ పట్టుకుని లేపాం. ఆయన ఏమీ అనలేదు గానీ, ఆ తర్వాత మళ్ళీ కూర్చోలేదు. గంటసేపు చెట్టుకు ఆనుకుని నిలబడే ఉన్నారు. నాకు ఇప్పటికీ అది గుర్తొస్తే మనసు చివుక్కుమంటుంది, ఎందుకంటే 20 అడుగుల దూరంలో చెట్టుకింద పిక్నిక్ బల్ల ఖాళీగా ఉంది. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు వాలుకుర్చీ వద్దు, పిక్నిక్ బల్ల దగ్గరి బెంచీ కావాలి. అది మామూలు కుర్చీ ఎత్తులో ఉంటుంది, లేచేటప్పుడు బల్ల మీద చేతులు ఆనించొచ్చు. అందుకే పొద్దున్నే వెళ్ళమంటున్నాను. ఆ బల్లలు తొందరగా నిండిపోతాయి.

ఇసుకలో నడక గురించి కూడా ఒక మాట. పొడి ఇసుకలో ప్రతి అడుగూ దిగబడి మోకాలు మెలితిరుగుతుంది. నీటి అంచున తడి ఇసుక గట్టిగా ఉంటుంది. కాబట్టి ఆయన్ను ముందు అడ్డంగా నీటి అంచు దాకా నడిపించి, తర్వాత ఆ అంచు వెంబడే తీసుకెళ్ళండి. చేతికర్ర ఉంటే దాని కొనకు వెడల్పాటి రబ్బరు బిళ్ళ వేయించండి.

ఎక్కడ కూర్చోవాలంటే, బాత్రూమ్‌లకు మరీ ఎదురుగా వద్దు, మరీ దూరం వద్దు. టాక్సీలు దిగేచోటే జనమంతా ఆగిపోతారు. తీరం మైలుకు కాస్త తక్కువ పొడుగు ఉంటుంది, కానీ నూటికి ఎనభైమంది మొదటి వంద గజాల్లోనే చాపలు పరుస్తారు అనిపించేది నాకు. ఆ గుంపు దాటి ఓ 60, 70 అడుగులు పక్కకి జరిగితే చాలు, నీడా ప్రశాంతతా దొరుకుతాయి. పాపను బాత్రూమ్‌కి పరిగెత్తించడానికి కూడా అందుబాటులో ఉంటుంది. కొబ్బరిచెట్టు కింద మాత్రం చాప వేయకండి, కాయలు పడతాయి. గుండ్రటి దళసరి ఆకులుండే సీ గ్రేప్ చెట్ల నీడ మంచిది.

చెట్ల గురించే ఇంకొకటి. కరీబియన్ తీరాల్లో మాంచినీల్ అనే చెట్టు ఉంటుంది. చిన్న పచ్చటి ఆపిల్‌లా, రేగిపండంత నుంచి జామపిందెంత వరకు ఉండే కాయలు కాస్తుంది. కాయా, పాలూ, ఆకూ అన్నీ విషమే. వాన పడుతున్నప్పుడు దానికింద నిలబడితే కారే నీళ్ళకు ఒళ్ళు బొబ్బలెక్కుతుంది. జనం తిరిగే చోట్ల చాలావరకు గుర్తులు పెడతారు. అయినా పిల్లలకు ముందే చెప్పండి, కింద పడిన ఏ కాయా ముట్టుకోవద్దని.

టాక్సీల దగ్గరికి వస్తే, అక్కడ మీటర్లు ఉండవు. ఎక్కడి నుంచి ఎక్కడికి తలకెంత అన్నది టాక్సీ కమిషన్ నిర్ణయించిన పట్టిక ఉంటుంది. ఎక్కేముందు "ఆరుగురికి మొత్తం ఎంత?" అని అడిగి, సరే అనుకుని ఎక్కండి. డబ్బు దిగేటప్పుడు ఇవ్వండి. చెల్లేది అమెరికన్ డాలరే, చిల్లర నోట్లు ఉంచుకోండి. రేవు బయట వరుసగా నిలబడి ఉండేవాటిలో ఎక్కువ భాగం సఫారీ బండ్లు, అంటే ట్రక్కు వెనక వరుసగా బెంచీలు వేసి పైన కప్పు వేసినవి. పిల్లలకు భలే సరదా. కానీ మెట్టు చాలా ఎత్తు. నాన్నగారి కోసం వ్యాన్ కావాలని మొదటే చెప్పండి. అక్కడ లైన్ చూసే మనిషికి చెప్తే పది నిమిషాల్లో పిలిపిస్తాడు. ఎదురు చూడండి, పర్వాలేదు. కొండ ఎక్కి దిగే మెలికల దారి కాబట్టి కడుపులో తిప్పే అలవాటున్నవాళ్ళను ముందు వరుసలో కూర్చోబెట్టండి.

ఇంకో సంగతి, ఆ ద్వీపంలో బండ్లు మన ఇండియాలోలా ఎడమవైపు నడుస్తాయి. 1917లో డెన్మార్క్ నుంచి అమెరికా ఆ దీవుల్ని 2.5 కోట్ల డాలర్లకు కొనుక్కుంది గానీ ఈ పద్ధతి మాత్రం మారలేదు. మీ అమ్మానాన్నలకు ఇబ్బంది లేదు, వాళ్ళకు అలవాటే. అమెరికాలో పుట్టి పెరిగిన మీ బాబే రోడ్డు దాటేటప్పుడు తప్పు వైపు చూస్తాడు. వాడి చెయ్యి పట్టుకోండి.

టూర్ కొనాలా వద్దా అన్నదానికి నిజాయితీగా చెప్తాను, నేను అవే అమ్మినవాణ్ణి. ఓడ వాళ్ళ టూర్‌లో ఉన్న లాభం ఒక్కటే, చాలా పెద్దది: టూర్ ఆలస్యమైతే ఓడ ఆగుతుంది. సొంతంగా వెళ్ళినవాళ్ళ కోసం ఆగదు. అందుకే సెయింట్ జాన్ లాంటి దూరపు చోటికైతే ఓడ టూర్ తప్ప ఇంకోటి వద్దంటాను. ఒకసారి కుటుంబం ఒకటి సొంతంగా ఫెర్రీ ఎక్కి వెళ్ళి, తిరిగొచ్చే ఫెర్రీ నిండిపోవడంతో తర్వాతదాని కోసం ఆగాల్సి వచ్చింది. మెట్లు తీసేయడానికి నాలుగు నిమిషాల ముందు రేవులో పరిగెత్తుకుంటూ కనిపించారు. ఆ తల్లి చంకలో చెప్పులు లేని పిల్లాడు. మేమంతా రెయిలింగ్ దగ్గర నిలబడి ఊపిరి బిగబట్టి చూశాం. మేగెన్స్ బేకి ఆ భయం లేదు, దగ్గర కాబట్టి. పైగా టూర్ బస్సులో ఆరుగురికీ వాళ్ళ టైమే మీ టైమ్. మీ పాప నిద్రకొచ్చినా, నాన్నగారు అలసిపోయినా ముందే వచ్చేయలేరు. సొంత టాక్సీ అయితే వచ్చేయొచ్చు. చిన్నపిల్లలూ పెద్దవాళ్ళూ ఉన్నప్పుడు అదే కదా కావాల్సింది.

రెండు గంటలకే తిరుగు బండి ఎక్కమనడానికి కారణం జనం. ఓడ టూర్లు, సొంతంగా వెళ్ళినవాళ్ళు, అందరూ 2:30 నుంచి 3:30 మధ్యలో ఒక్కసారే తిరుగుముఖం పడతారు. టాక్సీ కోసం ఎండలో లైను, తర్వాత ఊళ్ళో వాటర్‌ఫ్రంట్ రోడ్డు మీద ట్రాఫిక్. ఆ రోజు రేవులో నాలుగైదు ఓడలు ఉంటే ఇంకా కష్టం. ఏ రోజు ఎన్ని ఓడలు వస్తాయో రేవుల షెడ్యూళ్ళు నెట్‌లో దొరుకుతాయి, బయల్దేరేముందే చూసుకోండి. ఓడలు ఎక్కువ ఉన్న రోజైతే 1:30కే బయల్దేరండి.

గడియారం విషయంలో టెన్షన్ పడాల్సిన చోటు ఒకటుంది. సెయింట్ థామస్‌లో ఏడాదంతా ఒకే టైమ్. డిసెంబర్‌లో అది ఫ్లోరిడా కంటే గంట ముందుంటుంది. కొన్ని ఓడలు తమ గడియారాన్ని ద్వీపం టైమ్‌కి మారుస్తాయి, కొన్ని మార్చవు. మీ ఓడ మార్చి, మీ చేతి గడియారం ఇంకా ఫ్లోరిడా టైమ్‌లోనే ఉంటే, మీకు 3:30 అనిపించే వేళకు ఓడలో 4:30 అయిపోతుంది. ఫోన్ సాధారణంగా దానంతటదే ద్వీపం టైమ్‌కి మారుతుంది, చేతి గడియారం మారదు. దిగేముందు "ఇప్పుడు ఓడ టైమ్ ఎంత?" అని అడిగి, నాన్నగారి వాచీతో సహా అన్నీ దానికి సరిచేయండి.

మీ బాబు చేపలు చూడాలని గట్టిగా పట్టుబడితే ఏంటి? మేగెన్స్ బేలో అడుగంతా ఇసుక కాబట్టి స్నార్కెలింగ్‌కి అంత బాగుండదు. చిన్న చేపల గుంపులు, వాటిమీద నిటారుగా దూకే పెలికాన్ పక్షులు కనిపిస్తాయి. ఒక్కోసారి టార్పన్ అనే పెద్ద వెండిరంగు చేపలు ఒడ్డుకు దగ్గరగా తిరుగుతాయి, మనల్ని ఏమీ అనవు. పగడాలు, రంగురంగుల చేపలు కావాలంటే కోకి బీచ్ సరైన చోటు. పక్కనే కోరల్ వరల్డ్ అనే సముద్ర జీవుల పార్క్ ఉంది, టికెట్ కొంటే లోపల నీడ, బాత్రూమ్‌లు ఉంటాయి. కానీ కోకి చిన్న బీచ్, ఇరుగ్గా ఉంటుంది, పక్కన రాళ్ళు, అమ్మేవాళ్ళ పిలుపులు ఎక్కువ. నా సలహా ఏమిటంటే, మీరిద్దరూ విడిపోవద్దు. ఒకరు బాబుతో కోకికి, ఒకరు మిగతావాళ్ళతో మేగెన్స్‌కి అనుకుంటే, ఒక్కరే ముగ్గురినీ చూసుకోవాలి. నీళ్ళ దగ్గర అది మంచిది కాదు. బాబుకు ఇంకో రేవులో స్నార్కెలింగ్ పెట్టండి.

లిండ్‌క్విస్ట్ బీచ్ గురించి కూడా ఎవరైనా చెప్పొచ్చు. ప్రశాంతంగా, చాలా బాగుంటుంది. అయితే తూర్పు వైపు ఉంది, తిండి, కుర్చీల ఏర్పాటు తక్కువ. ఇద్దరే వెళ్తే అదే చెప్పేవాణ్ణి.

ఎండ విషయంలో ఫ్లోరిడాలో ఉండేవాళ్ళు కూడా పొరబడతారు, డిసెంబర్ కదా అని. సెయింట్ థామస్, మన శ్రీకాకుళం దాదాపు ఒకే అక్షాంశం మీద ఉన్నాయి, 18.3 డిగ్రీలు. గాలి చల్లగా తగులుతుంటుంది కాబట్టి ఒళ్ళు కాలుతున్నట్టు తెలియదు. సన్‌స్క్రీన్ కొనేముందు వెనకాల ఏం రాసుందో చదవండి. పగడాలకు హాని చేస్తాయని ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్, ఆక్టోక్రిలీన్ ఉన్నవాటిని ఆ దీవుల్లో 2020 నుంచి నిషేధించారు. జింక్ ఆక్సైడ్‌తో చేసినవి తీసుకోండి.

అమ్మగారికి బట్టల సంగతి కూడా చెప్తాను, ఎవరూ అడగరు గానీ అందరికీ కావాల్సిందే. చీరతో నీళ్ళలోకి దిగితే తడిసి కాళ్ళకు చుట్టుకుంటుంది, బరువెక్కుతుంది. మా అమ్మ మొదట ఒడ్డునే కూర్చుంటానంది. మా ఆవిడ ఆమెకు తొందరగా ఆరే సింథటిక్ కుర్తా, లెగ్గింగ్ ఇచ్చింది. అక్కడ ఎవరూ ఎవరి బట్టలూ పట్టించుకోరు. నడుము లోతులో మా ఆవిడ చెయ్యి పట్టుకుని నిలబడి, మెల్లగా భుజాల దాకా మునిగి, 66 ఏళ్ళ వయసులో మొదటిసారి సముద్రంలో తేలింది మా అమ్మ. భీమిలి ఆడపడుచు, పుట్టినప్పటి నుంచీ సముద్రం పక్కనే బతికింది, ఒక్కసారీ నీళ్ళలో తేలలేదు. ఆ రోజు బయటికి రమ్మంటే రాలేదు.

తిండి: ఓడ బఫే నుంచి పండ్లు, సాండ్‌విచ్‌లు దించనివ్వరు. కంపెనీ సీల్ తీయని ప్యాకెట్లకు సాధారణంగా ఇబ్బంది ఉండదు, కాబట్టి సీల్ ఉన్న జంతికలు, బిస్కెట్లు తీసుకెళ్ళండి. ఇంట్లో చేసిన పులిహోర ఓడలోకే రానివ్వరు, ఆశపెట్టుకోకండి. పొద్దున ఓడలో కడుపునిండా తిని, నీళ్ళ సీసాలు నింపుకుని దిగండి. శాకాహారులకు బీచ్ కౌంటర్‌లో ఫ్రైస్ లాంటివి తప్ప పెద్దగా దొరకవని అనుకునే వెళ్ళండి. 3 గంటలకు ఓడకొస్తే బఫేలో ఏదో ఒకటి ఉంటుంది.

పాస్‌పోర్ట్ గురించి: నేను పనిచేసిన రోజుల్లో, విదేశీ రేవు నుంచి వచ్చిన ఓడ సెయింట్ థామస్‌లో ఆగినప్పుడు అమెరికా పౌరులు కానివాళ్ళను పొద్దున్నే ఇమ్మిగ్రేషన్ అధికారుల ముందుకు పిలిచిన సందర్భాలు ఉన్నాయి. ఆ పద్ధతి ఓడను బట్టి, దారిని బట్టి మారుతుంది. మీ అమ్మానాన్నల గురించి ముందురోజు రాత్రే రిసెప్షన్‌లో అడగండి. అలా పిలిచేటట్టయితే మీ లెక్కలో ఇంకో అరగంట కలపండి.

చివరగా, మీ దారిలో సెయింట్ మార్టెన్ ద్వీపం కూడా ఉందన్నారు. అక్కడ మాహో బీచ్‌లో తలమీదుగా విమానాలు దిగడం చూడాలని పిల్లలు అడుగుతారు. వెళ్ళకండి. పైకి లేచే విమానం ఇంజన్ గాలికి 2017లో ఒక మహిళ చనిపోయింది. చిన్నపాపతో ఆ కంచె దగ్గర నిలబడే చోటు కాదది. అక్కడ మీకు సరిపోయేది ఫిలిప్స్‌బర్గ్ ఊరి ముందే ఉన్న గ్రేట్ బే. రేవు నుంచి వాటర్ టాక్సీలో వెళ్ళిపోవచ్చు. ఒడ్డు వెంబడి చదునైన బోర్డ్‌వాక్ ఉంది, నాన్నగారు ఇసుకలో కాలు పెట్టకుండానే సముద్రం పక్కన నడవొచ్చు. కుర్చీలు, గొడుగులు అద్దెకిచ్చే చోట్లు వరుసగా ఉంటాయి.

మీ ఓడ హేవెన్‌సైట్‌లో ఆగుతుందో, క్రౌన్ బేలో ఆగుతుందో, ఆ రోజు రేవులో మొత్తం ఎన్ని ఓడలున్నాయో తెలిశాక ఇక్కడే రాయండి. దాన్నిబట్టి ఎన్నింటికి దిగాలో, వ్యాన్ కోసం ఎక్కడ నిలబడాలో చెప్తాను.